ఎర్ర గుడ్డ కట్టని రైఫిల్

రైఫిల్ పడింది నా చేతిలోంచే. ఇంకెవరి చేతిలోంచైనా పడి ఉంటే ఈ సంగతి పది నిమిషాల్లో తేలిపోయేది. ఆ మనిషిని అందరి ముందూ నిలబెట్టి నాలుగు దులిపేవాణ్ణి, రైఫిల్‌కు ఎర్ర గుడ్డ కట్టేవాణ్ణి, ఇంటికెళ్ళి హాయిగా భోంచేసేవాణ్ణి.

మా షూటింగ్ క్లబ్బులో రైఫిళ్ళు బాగుచేసేది నేను. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే బల్ల, అదే కిటికీ. గురి నేర్పేది కోచ్ మేడమ్. గురిపెట్టే వస్తువు సరిగా ఉందో లేదో చెప్పేది నేను. నేను "బాగుంది" అన్నానంటే ఇంక దానికి తిరుగు లేదు. అందుకే అందరూ నన్ను డాక్టరు గారూ అని పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపు వేళాకోళానికే పుట్టింది గానీ, నాలుగేళ్ళు తిరిగేసరికి నేను దాన్ని నిజంగానే నమ్మేశాను. నా నడక కూడా మారిపోయిందని మా చెల్లెలు ఎగతాళి చేసేది.

మా గది బయట గోడకు ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద రాత నాదే. మూడే మూడు వాక్యాలు. రైఫిల్ పడితే ముందు నోరు విప్పు. వెంటనే ఎర్ర గుడ్డ కట్టు. ఇసక సంచి మీద పెట్టి కాగితం మీద ఐదు తూటాలు కాల్చి చూసే దాకా దాన్ని ఎవరూ నమ్మకూడదు. అంతే. పడిన రైఫిల్ పైకి చూస్తే ఏమీ తెలియదు. లోపల ఎక్కడో వెంట్రుకంత కదిలినా యాభై మీటర్ల దూరంలో అది వేలెడు అవుతుంది. ఈ మాట నేను క్లబ్బులో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెబుతాను, వాడికి వినాలని ఉన్నా లేకపోయినా.

రైఫిల్ పడేసి దాచిపెట్టినవాడికి శిక్ష కూడా నేనే పెట్టాను. ఆ బోర్డు ముందు నిలబడి, అందరూ వింటుండగా, మూడు వాక్యాలూ గట్టిగా చదవాలి. చిన్న శిక్షే అనిపిస్తుంది. రెండేళ్ళ కిందట ఒకాయన దాన్ని అనుభవించాడు. రిటైరయ్యాక సరదాకి చేరిన గుమాస్తా గారు. పెద్దమనిషి, చేతులు కాస్త వణుకుతాయి. ఒకరోజు రైఫిల్ గోడకు ఆనిస్తూ జారవిడిచాడు. భయపడి అరగంట చెప్పలేదు. తరువాత తనే వచ్చి చెప్పాడు. తనే వచ్చి చెప్పాడు కదా అని వదిలెయ్యొచ్చు. నేను వదల్లేదు. "గట్టిగా చదవండి గుమాస్తా గారూ, వెనకున్నవాళ్ళకి వినపడట్లేదు" అని రెండోసారి కూడా చదివించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చదివాడు. ఆ రోజు నాకు నా మీద ఎంత గౌరవం కలిగిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఇక అసలు సంగతి. నా చేతిలోంచి రైఫిల్ పడిన మర్నాడు జూనియర్ల జట్టుకు ఎంపిక పోటీ. పన్నెండు మంది కాలుస్తారు, నలుగుర్ని తీసుకుంటారు. మా మేనకోడలు ఆ పన్నెండు మందిలో ఒకతె. చిన్నప్పుడు ఇల్లు పీకి పందిరేసేది కాబట్టి దానికి పిడుగు అని నేనే పేరు పెట్టాను. పంతొమ్మిదేళ్ళొచ్చినా ఆ పేరే మిగిలింది. వచ్చే ఏడాదికి జూనియర్ల వయసు దాటిపోతుంది. ఆ జట్టులోకి వెళ్ళడానికి దానికి అదే ఆఖరి అవకాశం. ఆరేళ్ళుగా తెల్లారకముందే లేచి, బరువైన ఆ జాకెట్టు తొడుక్కుని, నేల మీద బోర్లా పడుకుని కాల్చింది అందుకే. ఆ జాకెట్టు మోచేతుల దగ్గరా భుజం దగ్గరా మెత్తలు పెట్టి కుట్టింది మా చెల్లెలు. కుట్టుపనే దాని జీవనం.

సాయంత్రం నాలుగింటికి పిడుగు రైఫిల్ తుడిచి నూనె పెట్టడానికి స్టాండు మీంచి తీస్తున్నాను. అప్పుడే బావ ఫోన్ చేశాడు. బావంటే పిడుగు తండ్రి, బస్సు డ్రైవరు. డిపోలో కూర్చుని కంగారు పడుతున్నాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. ఒంటిచేత్తో రైఫిల్ ఎత్తాను. ఇంకెవరైనా అలా చేసుంటే చీల్చి చెండాడేవాణ్ణి.

"నువ్వేం బెంగపెట్టుకోకు బావా. రైఫిల్ నా చేతిలో ఉంది. అది నేను చూసుకుంటాను. మిగతాది నీ కూతురు చూసుకుంటుంది" అంటున్నాను. సరిగ్గా ఆ మాట అంటుండగానే ఫోన్ జారింది. దాన్ని పట్టుకోబోయాను. ఫోన్ దొరికింది. రైఫిల్ జారింది.

రైఫిల్ వెనక భాగం ముందు బల్ల అంచుకు కొట్టుకుంది. తరువాత మొత్తం సిమెంటు నేల మీద పడింది. చెక్క చప్పుడు, దాని వెనకే ఇనుము చప్పుడు.

నేను మొదట చూసింది రైఫిల్ వైపు కాదు. తలుపు వైపు. ఎవరైనా చూశారేమోనని.

"ఏంటా చప్పుడు?" అన్నాడు బావ.

"స్టూలు పడింది" అన్నాను.

వెళ్ళి తలుపు వేశాను. ఆ తరువాత వంగి రైఫిల్ తీశాను. దాన్ని బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టి, బోల్ట్ వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి చూశాను. అది అలవాటు. ఆ తరువాత ఒక్కొక్కటే మొదలుపెట్టాను.

బ్యారెల్ మూతి దీపం కింద తిప్పి చూశాను. గీత లేదు, నొక్కు లేదు. బోల్ట్ తీసి వెనకనుంచి బ్యారెల్లోకి చూశాను. వెలుగు గుండ్రంగా, ఎక్కడా విరగకుండా వచ్చింది. కడ్డీకి గుడ్డ చుట్టి లోపలికి తోశాను. ఎక్కడా పట్టలేదు. ట్రిగ్గర్ నొక్కితే ఎప్పుడూ వదిలే చోటే వదిలింది. గురి చూసే వెనక సైటును తిప్పే మర మీద మాత్రం కొత్త గీత పడింది, గోరంత. సైటును వేళ్ళతో ఊపి చూశాను, కదల్లేదు.

చివరికి చెక్క. చేత్తో పట్టుకునే చోట, బ్యారెల్‌ని చెక్కకు బిగించే వెనక మరకు కాస్త కింద, సన్నటి గీత కనిపించింది. భూతద్దం పెట్టి చూశాను. అది చెక్కలోదా, పైన వార్నిష్‌లోదా? గుడ్డతో రుద్దాను. పోలేదు. వార్నిష్‌లోదే అనుకున్నాను. అనుకోవాలని ఉంది కాబట్టి అనుకున్నాను. వెనక మరకు రెంచి పెడితే అది పావు చుట్టు తిరిగింది. నా చేత్తో బిగించిన మర, ఆరు నెలలుగా వెంట్రుకవాసి కదలని మర, ఊరికే పావు చుట్టు తిరగదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఆ భవనంలో ఇంకొకడు లేడు. బిగించేశాను.

ఇంక మిగిలింది ఒక్కటే. ఐదు తూటాలు. పది నిమిషాల పని.

కానీ ఇసక సంచి పెట్టి కాల్చే బల్ల సరిగ్గా కోచ్ మేడమ్ కుర్చీ పక్కనే ఉంది. రేంజ్ నిండా మనుషులు. పక్క లైనులో గుమాస్తా గారు కాలుస్తున్నాడు. మా క్లబ్బులో ఇసక సంచి మీద రైఫిల్ పెట్టామంటే అది పడిందని టముకు వేసినట్టే. "ఎవరు పడేశారు డాక్టరు గారూ?" అని అడుగుతారు. ఏం చెప్పను? ఎర్ర గుడ్డ కడితే, ఆ రైఫిల్‌ని కోచ్ మేడమ్ పరీక్షించి సంతకం పెట్టే దాకా తీయకూడదు. ఏదైనా తేడా వస్తే పిడుగు స్పేర్ రైఫిల్‌తో కాల్చాలి. అది దాని భుజానికి సరిగా కుదరదు. పోటీ ముందు రోజు పిల్ల గుండెలో భయం పెట్టడం ఎందుకు? ఇలా నాకు నేను చాలా చక్కగా చెప్పుకున్నాను. దాని మంచికే అనుకున్నాను. ఆ కాసేపూ నా కళ్ళ ముందు మెదిలింది మాత్రం పిడుగు ముఖం కాదు. బోర్డు ముందు కళ్ళజోడు తుడుచుకుంటున్న గుమాస్తా గారు.

ఐదింటికి పిడుగు వచ్చింది, రైఫిల్ పెట్టెలో సర్దుకోవడానికి.

"మావయ్యా, అయిందా?"

"ఎప్పుడో అయింది."

"ఎలా ఉంది?"

"నీకంటే ఆరోగ్యంగా ఉంది. ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకో."

అది నవ్వి రైఫిల్ చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. సైటు దగ్గర ఆగింది.

"ఈ గీత ఏంటి మావయ్యా?"

"ఏ గీత?"

"ఇదిగో, ఇక్కడ."

"పాతదే. నీకిప్పుడు కనపడింది."

"అవునా? నేనెప్పుడూ చూడలేదే!"

"అదే మరి! రైఫిల్‌ని కళ్ళు పెట్టి చూసుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?" అని పైపెచ్చు కసిరాను. అది నాలుక కరుచుకుని, "సారీ మావయ్యా" అంది. రైఫిల్‌ని పెట్టెలో జాగ్రత్తగా పడుకోబెట్టి, లాకర్లో పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పోటీ పక్క ఊరి రేంజ్‌లో. మేము ముగ్గురం కోచ్ మేడమ్ కారులో వెళ్ళాం. స్పేర్ రైఫిల్ కూడా తీసుకెళ్ళాం. పోటీలో రైఫిల్ మీద అనుమానం వస్తే చెయ్యెత్తి అధికారిని పిలవొచ్చు, చూపించి వేరేది తీసుకోవచ్చు. అందుకని స్పేర్ పెట్టె పట్టుకుని కాల్చేవాళ్ళ వెనక, తాడు అవతల, నేను కూర్చుంటాను. అది నా పని. ఆ రోజు కూడా అదే చేశాను. పెట్టె నా కాళ్ళ దగ్గరే ఉంది. దాని పిడి మీద నా చెయ్యి ఉంది.

అరవై తూటాలు, యాభై నిమిషాలు. ముందు, లెక్కలోకి రాకుండా, సరిచూసుకునే తూటాలు కాల్చుకోవచ్చు. పిడుగు నాలుగు కాల్చి, సైటు రెండు మెట్లు తిప్పి, ఇంకో రెండు కాల్చింది. పైనున్న తెరమీద చుక్కలన్నీ ఒకేచోట పడ్డాయి. నాకు ఊపిరి వచ్చింది. నడిమధ్యన పడితే పది పాయింట్లు. మొదటి పది తూటాల్లో తొమ్మిది పదులు, ఒక తొమ్మిది. పెట్టె పిడి మీంచి చెయ్యి తీసి కాలు మీద కాలు వేసుకున్నాను. నా కన్ను ఎప్పుడైనా పొరబడిందా అని కూడా అనుకున్నాను.

పద్నాలుగో తూటా ఎనిమిదిలో పడింది, కుడివైపు. తరువాతది పది. ఆ తరువాతది ఏడు, ఎడమవైపు కింద. మళ్ళీ పది. మళ్ళీ ఎనిమిది, పైన.

మనిషి తప్పు చేస్తే ఆ తప్పుకు ఒక దారి ఉంటుంది. ఊపిరి కుదరకపోతే చుక్కలు పైకీ కిందికీ పోతాయి. ట్రిగ్గర్‌ని గుంజితే ఒకే పక్కకు పోతాయి. ఇవి అలా లేవు. దారీ తెన్నూ లేకుండా పడుతున్నాయి. చెక్కలో పగులుంటే, ప్రతి తూటాకూ బ్యారెల్ తన ఇష్టమొచ్చిన చోట కుదురుకుంటుంది. పద్దెనిమిదో తూటాకే నాకు పూర్తిగా అర్థమైపోయింది.

ఇంకా నలభై రెండు తూటాలున్నాయి. ముప్పై ఆరు నిమిషాలు ఉన్నాయి. స్పేర్ రైఫిల్ నా కాళ్ళ దగ్గర ఉంది. పక్క కుర్చీలో ఉన్న కోచ్ మేడమ్ చెవిలో "రైఫిల్ నిన్న పడింది" అని మూడు ముక్కలు చెబితే చాలు. నోరు విప్పబోయాను కూడా. మా వరసలో ఇంకో నాలుగు క్లబ్బుల వాళ్ళు కూర్చున్నారు. అందరికీ నేను తెలుసు. వాళ్ళ రైఫిళ్ళు కూడా నా దగ్గరికే వస్తాయి. తెర వైపు తిరిగి కూర్చున్నాను.

పిడుగు మాత్రం చెయ్యెత్తలేదు. ఎందుకెత్తుతుంది? "రైఫిల్ మీద నెపం పెట్టేవాడు ఎప్పటికీ నేర్చుకోడు, ముందు నీ చెయ్యి చూసుకో" అని ఆరేళ్ళు దాని చెవిలో పోరింది నేనే. అది పడుకున్నచోటే భుజం సర్దుకుంది. మోచెయ్యి జరుపుకుంది. చెంప ఆనించే చోటు మార్చుకుంది. బాగున్నవాటినన్నిటినీ ఒక్కొక్కటే పాడుచేసుకుంటోంది. ఇరవై ఆరో తూటా ఆరులో పడింది.

అప్పుడు అది వెనక్కి తిరిగి చూసింది. తిన్నగా నా వైపు. కనుబొమలు పైకెత్తి, నాలోనే ఉందా తప్పు అన్నట్టు.

నేను గుండెల మీద చెయ్యి పెట్టి, మెల్లగా పైకీ కిందికీ కదిపాను. ఊపిరి చూసుకో అని. అది మా ఇద్దరి సైగ.

పిల్ల సరేనన్నట్టు తల ఊపి, మళ్ళీ రైఫిల్ మీదికి వంగింది.

ఆ తరువాత ముప్పై నాలుగు తూటాలు కాల్చింది. నేను ప్రతి ఒక్కటీ చూశాను.

పన్నెండు మందిలో ఏడోస్థానం. నాలుగో స్థానానికి ఐదు పాయింట్ల దూరం. పిడుగు జాకెట్టు విప్పుకుంది. కోచ్ మేడమ్ నీళ్ళ సీసా దాని చేతికిచ్చింది. పిడుగు నా దగ్గరికొచ్చి నిలబడింది. ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది.

"మావయ్యా, నీ పరువు తీసేశాను."

"పోన్లే అమ్మా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. క్షమించేవాడిలా, పెద్దమనసు చేసుకున్నవాడిలా, దాని తల మీద చెయ్యి వేసి మరీ అన్నాను. ఈ కథలో నేను చేసిన పనులన్నీ ఒక ఎత్తు, ఆ "పోన్లే" ఒక ఎత్తు.

క్లబ్బుకు తిరిగొచ్చేసరికి అందరూ వెళ్ళిపోతున్నారు. రేంజ్ ఖాళీ అయ్యే దాకా ఏదో పని ఉన్నట్టు నటించాను. తరువాత ఇసక సంచి తెచ్చి బల్ల మీద పెట్టి, రైఫిల్ దాని మీద ఆనించి, ఐదు తూటాలు కాల్చాను. నడిచి వెళ్ళి కాగితం తెచ్చుకున్నాను. చొక్కా బొత్తాం కింద దాగాల్సిన ఐదు కన్నాలు, అగ్గిపెట్టె పెట్టినా దాగలేదు. మరలు విప్పి చెక్క నుంచి బ్యారెల్ తీశాను. వెనక మర దగ్గరనుంచి కిందికి బొటనవేలంత పొడవున పగులు. నేను వార్నిష్ అనుకున్నది దాని కొస.

దాన్ని అతకడం నాకు పెద్ద పనేం కాదు. జిగురు కలిపాను కూడా. అతికించి బిగింపు వేసి ఉంచితే రెండు రోజుల్లో రాయిలా తయారవుతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కలిపిన జిగురు డబ్బాలోనే గట్టిపడే దాకా చూస్తూ కూర్చున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను, దారిలో పారేద్దామని. పారేయలేదు.

మర్నాడు పొద్దున్నే చెల్లెలింటికి వెళ్ళాను. నిజం చెప్పాలని కాదు. పిల్లకు ధైర్యం చెప్పి, ఇంకా సీనియర్ల జట్టు ఉందని నచ్చచెప్పి రావాలని. తలుపు తీసే ఉంది. చెల్లెలు మిషను ముందు కూర్చుని, ఒళ్ళో పిడుగు జాకెట్టు పెట్టుకుని, బ్లేడుతో భుజం దగ్గర కుట్లు విప్పుతోంది. అప్పటికే ఒక మెత్త ఊడొచ్చింది. నేల నిండా దారపు ముక్కలు.

"ఏంటే ఇది?" అన్నాను.

"దానికి ఇంక వద్దట అన్నయ్యా. విప్పేసి సంచులు కుట్టెయ్యమంది. రాత్రంతా ఒకటే మాట, నా చెయ్యి మంచిది కాదమ్మా అని." చెల్లెలు బ్లేడు ఆపకుండానే అంది. "నువ్వన్నా చెప్పు. నీ మాటంటే దానికి వేదం."

పిడుగు లోపలిగది గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కళ్ళు వాచిపోయాయి. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నం చేసింది.

నేను జేబులోంచి కాగితం తీసి మిషను బల్ల మీద పెట్టాను. చేతులతో సాపు చేశాను.

"ఇది నీ రైఫిల్. నిన్న సాయంత్రం ఇసక సంచి మీద పెట్టి కాల్చాను" అన్నాను. "నీ చెయ్యి మంచిదే. చెక్క పగిలింది. నేను పడేశాను."

బ్లేడు ఆగింది. పిడుగు వచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది. ఐదు కన్నాల్నీ వేలితో ఒక్కొక్కటే తాకింది.

"ఎప్పుడు పడింది?"

"పోటీ ముందు రోజు. నాలుగింటికి."

"నేను రాక ముందా?"

"ముందే."

"గీత పాతదే అన్నావు."

"అన్నాను."

అది కాగితం మీంచి తలెత్తలేదు. "నేను వెనక్కి తిరిగి చూశాను కదా. అప్పుడు నీకు తెలుసా?"

తెలియదు అనొచ్చు. ఆ ఒక్క అబద్ధం నాకు ఇంకా మిగిలి ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

"తెలుసు" అన్నాను.

"ఊపిరి చూసుకో అన్నావు."

తిట్టినా బాగుండేది. కాగితాన్ని నేను మడిచిన మడతల మీదే మళ్ళీ మడిచి, తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా చెల్లెలు నా ముఖం చూడకుండా, "నువ్వు ఇంక వెళ్ళన్నయ్యా" అంది. చిన్నప్పటినుంచీ అది నన్ను ఇంట్లోంచి వెళ్ళమనడం అదే మొదటిసారి.

అక్కణ్ణుంచి తిన్నగా కోచ్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆవిడ నా ఎదురుగానే ఎంపిక చేసేవాళ్ళకు ఫోన్ చేసింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. రైఫిల్ చెడిందంటే ఆఖరి తూటా కాల్చే లోపల చెప్పాలి, తరువాత చెప్పింది చెల్లదు అన్నారు. ఫోన్ పెట్టేసి ఆవిడ నా వైపు చూసింది.

"ముప్పై ఆరు నిమిషాలు ఉన్నాయి మీకు. పక్క కుర్చీలో నేనే ఉన్నాను."

బయటికొచ్చాను. సాయంత్రం అందరూ వచ్చే దాకా ఆగాను. బోర్డు ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పి, మూడు వాక్యాలూ గట్టిగా చదివాను. వెనకున్నవాళ్ళకు వినపడలేదేమోనని రెండోసారి మొదలుపెట్టబోతే, గుమాస్తా గారు లేచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"చాలు డాక్టరు గారూ. వినపడింది" అన్నాడు.

ఆయన దెప్పి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆయన గొంతులో దెప్పడం లేదు. నా గదిలోకెళ్ళి తలుపు వేసుకుని, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

పదిహేను రోజులు పిడుగు రాలేదు. ఈలోగా రైఫిల్‌కు కొత్త చెక్క తెప్పించి నేనే అమర్చాను. పాత సైటే మళ్ళీ బిగించాను. పదహారో రోజు పొద్దున తలుపు తోసుకుని వచ్చింది. ఒంటి మీద జాకెట్టు ఉంది. భుజం దగ్గర విప్పిన చోట మా చెల్లెలు మళ్ళీ కుట్టింది. పాత దారం రంగు దొరికినట్టు లేదు, కొత్త కుట్టు దూరానికే కనిపిస్తోంది.

"మావయ్యా, రైఫిల్" అంది.

రెండు చేతులతో అందించాను. అది బోల్ట్ లాగి, లోపల చూసి, వేలితో తడిమింది. బ్యారెల్ మూతి వెలుగుకు తిప్పింది. రెంచి అడిగి తీసుకుని మరలు రెండూ తనే పట్టి చూసింది. నేను నేర్పిన వరసలోనే, ఒక్కటీ వదలకుండా. నా పని నా ఎదురుగా చేస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను. అది సైటు దగ్గర ఆగింది.

"ఈ గీత ఎప్పటిది?"

"ఆ రోజుది. నేను పడేసినప్పటిది."

"తెలుసు. నీ నోటితో విందామని అడిగాను."

నా వైపు చూసి చిన్నగా తల ఊపింది. ప్రాణం లేచొచ్చింది. ఇంక అయిపోయింది అనుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, "బాగుంది. తీసుకెళ్ళి కాల్చుకో" అన్నాను.

అది నా సొరుగు లాగింది. ఎర్ర గుడ్డ తీసి, రైఫిల్‌కు కట్టి ముడి బిగించింది. ఇసక సంచి చంకన పెట్టుకుని కోచ్ మేడమ్ కుర్చీ పక్కనున్న బల్ల వైపు నడిచింది. కాసేపటికి నా గదిలోకి చప్పుళ్ళు వినిపించాయి. ఒకటి. రెండు. మూడు. ఐదూ అయ్యే దాకా నేను లెక్కపెడుతూ నిలబడ్డాను.